ఇరవై రెండు మీసాలు, మూడు చందా పుస్తకాలు

ప్రశ్న: మాది ఖమ్మం. ఒకే కళాశాలలో చదువుకుని ఇదే ఊళ్లో స్థిరపడిన మిత్రులం ఇరవై రెండు మందిమి. మాతో చదివిన మరొకడు నోటి క్యాన్సరుతో పోయాడు. వాడి జ్ఞాపకంగా కిందటి నవంబరులో, విదేశాల్లో చేసే ‘మొవెంబర్’ పద్ధతిలో, మగవారి క్యాన్సర్లపై అవగాహన కోసం అందరం మీసాలు పెంచాం, ఐదు కిలోమీటర్ల పరుగు పెట్టాం. మొత్తం రూ. 1,86,000 వసూలైంది. టీషర్టులకు, మెడల్స్‌కు, ఫ్లెక్సీలకు, సౌండుకు రూ. 74,000 ఖర్చయింది. మిగిలింది నా సేవింగ్స్ ఖాతాలో ఉంది. ఈ ఏడు పెద్ద ఎత్తున చేయాలనుకుంటున్నాం. ఒక డయాగ్నస్టిక్ సెంటరు వారు ఉచితంగా పీఎస్ఏ (ప్రోస్టేటు క్యాన్సరు అనుమానం కోసం చేసే రక్త పరీక్ష) పరీక్షలు చేస్తామంటున్నారు. డాలస్‌లో ఉన్న మిత్రుడు అక్కడి తెలుగు సంఘం నుంచి డబ్బు పంపిస్తానంటున్నాడు. పాన్ మసాలా హోల్‌సేల్ వ్యాపారి ఒకాయన లక్ష రూపాయలు ఇస్తానని కబురు పెట్టాడు. కిందటిసారి చందాలకు తిరిగింది మాత్రం మేము ముగ్గురమే. ఈసారి మాకూ ఓపిక లేదు. కార్యక్రమాన్ని పెంచడం ఎలా?
— పేరు వేయవద్దని కోరిన పాఠకుడు

సమాధానం: మీరు ఉత్తరం చివర కాస్త నిష్ఠూరంగా రాసిన మాటలోనే మీ ప్రశ్నకు సగం జవాబు ఉంది. మీసాలు పెంచినవారు ఇరవై రెండు మంది, చందాలు అడిగినవారు ముగ్గురు. ముగ్గురు కలిసి తేగలిగినంతా మీరు కిందటేడే తెచ్చేశారు. అవే దుకాణాలు, అవే క్లినిక్కులు, అదే బంధువర్గం కాబట్టి ఈసారి మీరు రెండింతలు తిరిగినా అంత కూడా రాకపోవచ్చు. చందా పుస్తకం చేతపట్టుకున్న మనిషి మలుపు తిరగగానే షట్టరు సగానికి దించే అలవాటు మన బజార్లకు వినాయక చవితి పందిళ్ల కాలం నుంచీ ఉన్నదే. మీకు కావలసింది కొత్త దాతలకంటే ముందు, అడిగేవారు.

మీరు ఆదర్శంగా తీసుకున్న మొవెంబర్ పెరిగింది కూడా ఈ ఒక్క కారణం చేతనే. 2003లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ట్రావిస్ గరోన్, ల్యూక్ స్లాటరీ అనే ఇద్దరు మిత్రులు, ఫ్యాషను పోయిన మీసాన్ని మళ్లీ తెస్తే ఎలా ఉంటుందన్న సరదాతో ముప్పై మందిని కూడగట్టారు. ఆ ఏడాది అది వేడుకగానే సాగింది. మరుసటేడు దాన్ని ప్రోస్టేటు (మగవారిలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి) క్యాన్సరుకు ముడిపెట్టాక 450 మంది చేరి 54,000 ఆస్ట్రేలియా డాలర్లు పోగుచేశారు. లెక్క వేసి చూడండి, మనిషికి సగటున 120 డాలర్లు. పెద్ద దాతను పట్టుకోవడం మీద ఆధారపడని పద్ధతి అది. ఎవరికి వారు తమకు తెలిసినవారిని, తమ మొహం చూపించి, తమ నోటితో అడిగే పద్ధతి. ముప్పై మంది ఒక్క ఏడాదిలో పదిహేను రెట్లు పెరిగారంటే, ఒక్కొక్కరిని చూసి మరెందరో తామూ అడిగేవారయ్యారన్న మాట. మీరు అక్కడి నుంచి మీసం తెచ్చుకున్నారు గాని, అడిగే పద్ధతిని అక్కడే వదిలేశారు.

నిజానికి తెచ్చుకోకపోయినా నష్టం లేనిది ఆ మీసమే. మెల్‌బోర్న్‌లో 2003 నాటికి కుర్రకారు మీసం పెంచితే ఆఫీసులో నలుగురూ ‘ఇదేమిటి?’ అని అడిగేవారు, ఆ ప్రశ్నే విరాళానికి దారి తీసేది. ఖమ్మంలో మీసం చూసి అడిగేవారెవరు? పోనీ గడ్డం పెంచుదామంటే నవంబరంటే కార్తిక మాసం, అయ్యప్ప మాలల కాలం, ఎదురైనవారు ‘స్వామీ’ అని దండం పెట్టి వెళ్లిపోతారు. ఉన్న మీసం తీసేద్దామంటారా, తండ్రి బతికి ఉండగా అదేం పని అని ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకోరు, పైగా వరసగా పరామర్శ ఫోన్లు వస్తాయి. మీ గుర్తు చూసిన మనిషికి ప్రశ్న పుట్టాలి. మన ప్రాంతంలో మొహం మీది వెంట్రుకలు ఆ పని చేయలేవు.

మీ మిత్రుడు పోయింది నోటి క్యాన్సరుతో. మన దేశంలో మగవారిలో అన్నిటికంటే ఎక్కువగా కనబడే క్యాన్సరూ అదే. ప్రపంచ దేశాల క్యాన్సరు లెక్కలు చెప్పే గ్లోబోకాన్ 2022 అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదే లక్షమందికి పైగా భారతీయ పురుషుల్లో అది కొత్తగా బయటపడింది. ప్రధాన కారణం పొగాకు, దానికి తోడు వక్క. వక్క ఒక్కటే నమిలినా క్యాన్సరు రావచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ 2004లోనే తేల్చింది, కాబట్టి ‘మాది పొగాకు లేని పాన్ మసాలా’ అన్న మాటతో ఎవరూ ధైర్యం తెచ్చుకోనక్కరలేదు. 2016-17 నాటి జాతీయ సర్వేలో పురుషుల్లో 42 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్టు తేలింది. మీ ఇరవై రెండు మందిలోనూ సిగరెట్టో, ఖైనీయో, అంబరో అలవాటున్నవారు తక్కువేమీ ఉండరని నా అనుమానం. మీ కార్యక్రమానికి గుర్తు అక్కడే దొరుకుతుంది. నవంబరు నెల పొడుగునా పొగాకు ముట్టని మనిషే మీ గుర్తు. టీ బడ్డీ దగ్గర రోజూ కలిసేవాళ్లు సిగరెట్టు చాపితే ‘వద్దురా, ఈ నెల లేదు’ అన్నప్పుడు, ఎందుకని అడగనివాడు ఉండడు.

దీన్ని డబ్బుతో ముడిపెట్టే తీరు ఇది. మానేసిన ప్రతి మనిషికీ అతని పరిచయస్తులు పది మంది, రోజుకు పది రూపాయల చొప్పున పందెం కాస్తారు. ముప్పై రోజులు నిలబడితే మూడు వేలు వస్తుంది. పద్దెనిమిదో రోజున తప్పితే పదిహేడు రోజుల డబ్బే ఇస్తారు, దాచిపెట్టవలసింది ఏమీ లేదు, మర్నాడు మళ్లీ మొదలుపెట్టవచ్చు. అలవాటు లేనివారు ఒక్కొక్కరు మానే మనిషినొకణ్ణి వెంటబెట్టుకుని, అతని తరఫున పది మందిని అడగాలి. మీ ఇరవై రెండు మంది తలా ఒకరిని ఇలా చేర్చగలిగితే నలభై నాలుగు మంది అడిగేవారవుతారు. అప్పుడు దుకాణాల వెంట తిరగకుండానే, కిందటేడు ఖర్చులు పోను మిగిలినదాన్ని దాటడం కష్టం కాదు. చందా కోసం మొహం చాటేసేవారు కూడా, తమ బావమరిది ఖైనీ మానేస్తానంటే రోజుకు పది రూపాయలు సంతోషంగా ఇస్తారు.

అడిగే మాటను మాత్రం ఎవరిది వారే రాసుకోవాలి. గ్రూపులో ఒకరు రాసింది ఇరవై మంది ఫార్వర్డు చేస్తే అది ప్రకటన అవుతుంది. ఒక నమూనా ఇస్తున్నాను. ‘మామయ్యా, కాలేజీ రోజుల నుంచీ నా జేబులో ఖైనీ డబ్బా ఉందని నీకు తెలుసు. మా వాడు పోయాక కూడా మానలేదు. ఈ నవంబరు ముప్పై రోజులూ మానుతున్నాను. నిలబడ్డ ప్రతి రోజుకూ నువ్వు పది రూపాయలు ఇవ్వాలి. ఆ డబ్బుతో మార్కెట్ యార్డు హమాలీలకు నోటి పరీక్షలు చేయిస్తున్నాం. ఒప్పుకుంటే సరే అని ఒక్క మాట రాయి.’ ఇందులో ఎవరు, ఎందుకు, ఎంత, ఎక్కడికి అన్న నాలుగూ ఉన్నాయి. ఇంతకు మించి రాస్తే చదవరు. జవాబు రానివారికి మరొక్కసారి గుర్తుచేయడం తప్పు కాదు, మూడోసారి మాత్రం వద్దు.

మానేవారికి తోడ్పాటు కూడా మీరే చూపించాలి. సిగరెట్టు పెట్టెల మీద ముద్రించే 1800-11-2356 అన్న జాతీయ క్విట్‌లైను, అంటే పొగాకు మానడానికి సాయపడే ఫోను నంబరు, ఉచితం. మాల వేసుకున్నవారు నలభై ఒక్క రోజుల దీక్షలో పొగాకు మానేసి, శబరిమల నుంచి తిరిగొచ్చి మాల తీసిన సాయంత్రమే మళ్లీ ముట్టించడం మనకు తెలియనిది కాదు. గురుస్వాములను కలిసి, ఆ సాయంత్రం నుంచి మరో నెల కొనసాగించేవారి పేర్లు నమోదు చేసుకుంటామని అడగండి. దీక్షను మీ కార్యక్రమానికి ప్రచారంగా వాడుకుంటున్నట్టు మాత్రం కనబడకూడదు. ఇంకో మాట, రంజాన్ ఉపవాసాల తరువాత కూడా ఇదే పని చేయవచ్చు, కాబట్టి నవంబరుకే కట్టుబడి ఉండనక్కరలేదు.

ఇక ఆ డబ్బు ఏం చేయాలి? మీ ఉత్తరంలో దీని మీద ఒక్క వాక్యమూ లేకపోవడం నాకు వింతగా తోచింది. ‘అవగాహన’ అనే మాటకు ఎవరూ రెండోసారి చందా ఇవ్వరు. కిందటిసారి ఫ్లెక్సీ చూసిన మనిషి ఇంటికి వెళ్లి ఏం చేయాలో ఆ ఫ్లెక్సీలో ఉందా? మగవాడికి భయం చెప్పి వదిలేస్తే ఆ భయాన్ని ఇంకాస్త లోపలికి మింగుతాడు. ఎక్కడికి వెళ్లాలి, ఎవరు చూస్తారు, ఎంత సేపు పడుతుంది, ఎంత ఖర్చవుతుంది అన్నవి చెబితేనే కదులుతాడు. నోటి విషయంలో ఇది మీ చేతిలో పని, ఎందుకంటే నోరు చూడటానికి యంత్రం అక్కరలేదు. ఒక దంత వైద్యుడు, టార్చిలైటు, గ్లవ్స్, చెక్క పుల్ల చాలు. పెదవుల లోపల, దవడల లోపల, చిగుళ్లు, నాలుక అంచులు, నాలుక కింద, అంగిలి వరసగా చూస్తారు, ఐదు నిమిషాల పని. తుడిచినా పోని తెల్లమచ్చ, ఎర్రమచ్చ, రెండు వారాలు దాటినా మానని పుండు, కారణం లేకుండా కదిలే పన్ను ఉంటే అనుమానించాలి. గుట్కా, వక్కల అలవాటున్న కొందరిలో దవడ లోపలి పొర బిగుసుకుపోయి నోరు పూర్తిగా తెరుచుకోదు, కారం తగిలితే మంట పుడుతుంది. మూడు వేళ్లు నిలువుగా పళ్ల మధ్య పట్టకపోతే వైద్యుణ్ణి కలవాలన్నది ఎవరికి వారు చూసుకోదగ్గ గుర్తు.

ఈ మూడు వేళ్ల పరీక్షకు సెలూన్‌ను మించిన చోటు లేదని నేను అనుకుంటాను. మగవాడు వెలుతురులో, అద్దం ఎదుట, వేరే పనేమీ లేకుండా పావుగంట కూర్చునేది అక్కడే. మూడు వేళ్లు నోట్లో పెట్టుకున్న బొమ్మ, కింద ‘పట్టడం లేదా?’ అన్న ప్రశ్న, పరీక్ష జరిగే చోటు, వారం ఉన్న అరచేయంత స్టిక్కరు అద్దం మూలన అంటిస్తే, ఒక ఫ్లెక్సీ ఖర్చుతో ఊళ్లో సెలూన్లన్నిటికీ సరిపోతుంది. నాయీ బ్రాహ్మణ సంఘం పెద్దలను ముందుగా కలిసి, మర్యాదగా అడిగి, వారితోనే మొదటి పరీక్షా శిబిరం ప్రారంభింపజేయండి. క్షౌరం చేస్తూ ‘ఏమండీ, నోరు ఇంతే తెరుచుకుంటుందా?’ అని అడగగలిగిన మనిషి మీ కార్యక్రమానికి దొరికితే, పరుగులో పాల్గొనే మూడు వందల మందితో సమానం.

శిబిరానికి మీ ఊళ్లో ఉన్న దంత వైద్య కళాశాల వారిని అడగండి. ప్రభుత్వ కార్యక్రమంలోనూ ముప్పై ఏళ్లు దాటినవారికి నోటి పరీక్ష ఉంది కాబట్టి జిల్లా వైద్య ఆరోగ్య శాఖకు కూడా తెలియజేయండి. పత్తి వచ్చే రోజుల్లో మార్కెట్ యార్డులో ఉదయం పూట హమాలీలు ఒకచోట దొరుకుతారు, ఆటో స్టాండ్లు, గ్రానైటు యూనిట్లు ఆ తరువాత చూసుకోవచ్చు. అసలు ఖర్చు పరీక్ష తరువాత మొదలవుతుంది. అనుమానం ఉందని చెబితే ఆ మనిషి బయాప్సీకి (చిన్న ముక్క తీసి చేసే పరీక్షకు) వెళ్లడు. ఒకరోజు కూలి పోతుంది, హైదరాబాదు దాదాపు రెండు వందల కిలోమీటర్లు, తోడు వచ్చేవారు ఉండరు, ఆసుపత్రి ఉన్న రెడ్‌హిల్స్ ఎక్కడో తెలియదు. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి ప్రభుత్వానిది, ఆరోగ్యశ్రీ కింద చికిత్స దొరుకుతుంది. రోగ నిర్ధారణ అయి చికిత్సకు వెళ్లే క్యాన్సరు రోగికి రైల్వే వారు స్లీపరు, థర్డ్ ఏసీల్లో పూర్తి రాయితీ, తోడు వెళ్లేవారికి ముప్పాతిక రాయితీ ఇస్తారు, అందుకు ఆసుపత్రి ఇచ్చే ధ్రువపత్రం కావాలి. ఇవన్నీ చదువుకున్నవారికే సగం తెలియవు. ప్రతి అనుమానిత రోగికీ మీలో ఒకరు బాధ్యులుగా ఉండి, కూలి డబ్బు, దారి ఖర్చు, మొదటిసారి వెంట వెళ్లడం మీ నిధి నుంచి జరిగితే, ఆ మాట చెప్పి మరుసటేడు ఎవరినైనా అడగవచ్చు. రోగి పేరు, ఫొటో మాత్రం ఎక్కడా వాడకండి.

పీఎస్ఏ శిబిరం విషయంలో నా సలహా వద్దనే. ప్రోస్టేటు గ్రంథి వయసుతో పెరిగినా, అక్కడ ఇన్ఫెక్షను ఉన్నా పీఎస్ఏ పెరుగుతుంది. అంకె ఎక్కువ వచ్చిందని హడలిపోయి బయాప్సీల దాకా వెళ్లేవారిలో చాలామందికి క్యాన్సరు ఉండదు, ఉన్నవారిలోనూ కొందరిది ఎన్నటికీ హాని చేయనంత నిదానమైనది. అమెరికా నిపుణుల సంఘం కూడా 2018లో 55 నుంచి 69 ఏళ్లవారు వైద్యుడితో లాభనష్టాలు మాట్లాడుకుని నిర్ణయించుకోవాలనీ, 70 దాటినవారికి ఊరికే చేయవద్దనీ చెప్పింది. వరసలో నిలబెట్టి రక్తం తీస్తే ఆ మాటామంతీకి చోటుండదు. ఉచిత పరీక్ష వెనక ఆపై జరగబోయే స్కానింగుల వ్యాపారం ఉండవచ్చునని కూడా మీకు తెలియనిది కాదు. దానికి బదులు ఒక యూరాలజిస్టును (మూత్ర సంబంధ వ్యాధుల వైద్యుణ్ణి) పిలిచి, వాకర్స్ క్లబ్బులో గంటసేపు ప్రశ్నలు అడిగించుకోండి. తండ్రికో అన్నదమ్ములకో ఈ క్యాన్సరు ఉన్నవారు ముందుగానే వైద్యుణ్ణి కలవాలన్న మాట అక్కడ చెప్పించండి. అలాగే వృషణాల క్యాన్సరు పదిహేను నుంచి నలభై ఏళ్ల లోపు కుర్రాళ్లలో ఎక్కువ, నొప్పిలేని గడ్డగా మొదలవుతుంది, త్వరగా పట్టుకుంటే చాలా వరకు పూర్తిగా నయమవుతుంది. కాలేజీ హాస్టళ్లలో ఈ ఒక్క సంగతీ సిగ్గుపడని మగ డాక్టరు చెబితే చాలు, శిబిరం అక్కరలేదు.

ఇప్పుడు డబ్బు. మీ సొంత ఖాతాలో ఉన్న రూ. 1,12,000 మిమ్మల్ని ఎంత నమ్మేవారికైనా రేపు మాట అనడానికి వీలిస్తుంది. తెలంగాణలో సొసైటీ నమోదుకు ఏడుగురు సభ్యులు చాలు. నమోదు చేసి, సొసైటీ పేర పాన్ కార్డు, బ్యాంకు ఖాతా తీసుకుని, ఇద్దరి సంతకాలతో నడపండి, క్యూఆర్ కోడు ఆ ఖాతాదే ఉండాలి. అది అయ్యేలోపు కిందటేడు ఇచ్చినవారందరికీ, ఎంత వచ్చింది, టీషర్టులకు ఎంత పోయింది, ఎంత మిగిలింది అన్నది దాచకుండా ఒక పేజీలో పంపండి. వినాయక మండపం దగ్గర జమాఖర్చుల బోర్డు కట్టే కుర్రాళ్లు ఈ విషయంలో మనకంటే నయం. ఈ ఏడు టీషర్టులు, మెడల్స్ కావాలంటే పరుగుకు వచ్చేవారి రుసుములోంచే పెట్టుకోండి, విరాళం రూపాయి వాటి దగ్గరకు పోకూడదు. పరుగు మానేసినా నేను బాధపడను.

పన్ను రాయితీ గురించి అతిగా ఆశ పెట్టుకోకండి, దాతలకూ పెట్టకండి. 80జి అని అందరూ పిలిచే మినహాయింపు సొసైటీకి ఆదాయపు పన్ను శాఖ నమోదు ఉంటేనే వర్తిస్తుంది, నగదుగా రూ. 2,000 దాటి ఇస్తే వర్తించదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్న ఉద్యోగులకు అసలే ఉండదు. రోజుకు పది రూపాయలిచ్చే మామయ్య దాన్ని అడగడు.

డాలస్ మిత్రుడి డబ్బు రెండు రకాలు, కలపవద్దు. ఆయన ఇప్పటికీ భారత పాస్‌పోర్టు మీదే ఉంటే, తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా సొసైటీకి పంపింది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, భారత సంతతికి చెందిన విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, వస్తుంది. అక్కడి తెలుగు సంఘం ఇచ్చేది ఎలాగూ విదేశీ విరాళమే. దాన్ని తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) నమోదు ఉండాలి, అందుకు సంస్థకు కనీసం మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో పదిహేను లక్షల ఖర్చు చూపించాలి. మీరు ఇంకా అక్కడ లేరు. ఆ అనుమతి ఉన్న మరో సంస్థ తీసుకుని మీకు బదలాయించడాన్ని కూడా ఆ చట్టానికి చేసిన 2020 సవరణ నిషేధించింది. కాబట్టి ఆ సంఘం వారు ఎఫ్‌సీఆర్ఏ అనుమతి ఉన్న ఏదైనా క్యాన్సరు ఆసుపత్రి ట్రస్టుకు నేరుగా ఇవ్వడమే మార్గం. డాలస్ మిత్రుడు అడిగేవాడిగా మీకు మరింత విలువైనవాడు. మీ బ్యాచిలో భారత పౌరులుగానే విదేశాల్లో ఉన్నవారి జాబితా ఆయన చేతిలో పెట్టండి.

పాన్ మసాలా వ్యాపారి లక్ష తీసుకోవద్దు. పొగాకు ఉత్పత్తుల పేరుతో స్పాన్సర్‌షిప్పులు 2003 నాటి చట్టం ప్రకారమే కుదరవు. ఆయన తన సరుకులో పొగాకు లేదని, పేరు వేయనక్కరలేదని అంటారు, అయినా వద్దు. ఆ వక్కే నోరు బిగించేదని మీరు శిబిరంలో చెప్పబోతున్నారు, ఆ మాట చెప్పేటప్పుడు మీ గొంతు తగ్గకూడదు. ఇంటికి వెళ్లి, కూర్చుని, నెమ్మదిగా కారణం చెప్పి కాదనండి. ఫోనులో చెబితే ఊళ్లో అవమానంగా తీసుకుంటారు. ఆయన గోదాములో బస్తాలు మోసేవారు, లెక్కలు రాసే గుమాస్తాలు మాత్రం శిబిరానికి రావచ్చునని, వస్తే వాళ్ల నోళ్లూ చూస్తామని అక్కడే చెప్పి రండి.